బహుమితీయ దత్తాంశ నమూనాలలో మితుల ప్రకటన, సమీకరణాల రచన: పంట గణాంకాలకు, క్షేత్ర ప్రయోగాలకు అన్వయం

సారాంశం

వ్యవసాయ పరిశోధనలో సేకరించే దత్తాంశం సహజంగానే బహుమితీయమైనది. స్థానం, పంట, కాలం, సంవత్సరం, యాజమాన్య పద్ధతి, పునరావృతం వంటి అనేక మితుల కూడలిలో ప్రతి విలువ నిలుస్తుంది. ఈ మితులను ముందుగా ప్రకటించకుండా సమీకరణాలు రాసినప్పుడు గణన సజావుగా సాగినట్లే కనిపించినా ఫలితం తప్పు కావచ్చు. మితుల ప్రకటనలో పాటించవలసిన నియమాలు, సమీకరణం రెండు వైపులా మితులను సరిచూసే విధానం, నిష్పత్తులను సంకలనం చేసేటప్పుడు దొర్లే దోషాలు, అంతర్గత మితులు, కాలక్రమ సమీకరణాలు ఈ వ్యాసంలో ఉదాహరణలతో చర్చించబడినాయి. సోపపత్తికం కోసం వాడిన పంట విస్తీర్ణ, దిగుబడి అంకెలు ఊహించినవి.

కీలక పదాలు: మితి, కొలత, గడి, అంచెల వరుస, భారిత సగటు, స్ప్లిట్ ప్లాట్ రచన, నేలతేమ సమీకరణం

ఉపోద్ఘాతం

"హెక్టారుకు 5,200 కిలోలు" అన్న అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. ఏ రకం, ఏ క్షేత్రం, ఏ కాలం, ఏ సంవత్సరం, ఎంత నత్రజని, ఎన్నో పునరావృతం అన్న వివరాలు తోడైనప్పుడే అది దత్తాంశం అవుతుంది. ఈ వివరాలలో ప్రతి ఒక్కటీ ఒక మితి. కంప్యూటర్ పరిభాషలో దీనినే డైమెన్షన్ అంటారు. మితుల కూడలిలో ఉండే స్థానం గడి. ఆ గడిలో నిలిచే దిగుబడి, విస్తీర్ణం, వర్షపాతం వంటి రాశి కొలత.

ఈ ఆలోచనకు వ్యవసాయ పరిశోధనతో సంబంధం కొత్తది కాదు. 1919లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ ప్రయోగ కేంద్రంలో చేరిన ఆర్. ఏ. ఫిషర్, ఎరువుల ప్రయోగాలలోని వైవిధ్యాన్ని ఏ మితి కారణంగా ఎంత కలిగిందో విడదీసి చూపే పద్ధతిని రూపొందించాడు. 1925లో వెలువడిన ఆయన గ్రంథం ద్వారా అది ప్రపంచవ్యాప్తమైంది. దత్తాంశ నిర్వహణ వైపు నుంచి చూస్తే 1970లో ఎడ్గార్ కాడ్ సంబంధ నమూనాను ప్రతిపాదించాడు. బహుమితీయ విశ్లేషణకు ఓలాప్ అన్న పేరు 1993లో ఆయన ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. గణాంక శాస్త్రజ్ఞుడు కారకం అని పిలిచేదీ, దత్తాంశ నిపుణుడు మితి అని పిలిచేదీ చాలా వరకు ఒకటే. రెండు శాస్త్రాల విద్యార్థులు ఈ సామ్యాన్ని గుర్తిస్తే అనేక పొరపాట్లు తప్పుతాయి.

భౌతిక శాస్త్రంలో మితి అన్న మాటకు ద్రవ్యరాశి, పొడవు, కాలం అన్న వేరే అర్థం ఉన్నది. ఈ వ్యాసంలో మితి అంటే దత్తాంశాన్ని సూచించే అక్షం మాత్రమే. కిలో, హెక్టారు మొదలైన వాటిని ప్రమాణాలు అని వ్యవహరించడం జరిగింది.

మితుల ప్రకటన

మితిని ప్రకటించడమంటే దానికి పేరు పెట్టి, అందులోని సభ్యాలను పూర్తిగా లెక్కించి, వాటి క్రమాన్నీ అంచెలనూ నిర్ణయించడం. పంట గణాంకాల నమూనాకు కనీస ప్రకటన ఈ విధంగా ఉంటుంది.

జిల్లా: సభ్యాల జాబితా, పై అంచె రాష్ట్రం, కింది అంచె మండలం
పంట: సభ్యాల జాబితా, పై అంచె పంటల వర్గం
కాలం: ఖరీఫ్, రబీ, వేసవి, క్రమం కలదు
సంవత్సరం: జూలై నుంచి జూన్ వరకు, క్రమం కలదు

ఇందులో నాలుగు విషయాలపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

మొదటిది, ఒకే సభ్యానికి అనేక పేర్లు. గోదావరి, కృష్ణా డెల్టాలలో సార్వా, దాళ్వా అనేవాటిని తెలంగాణలో వానాకాలం, యాసంగి అంటారు. ప్రభుత్వ పత్రాలలో ఖరీఫ్, రబీ అని ఉంటుంది. మూడు చోట్ల నుంచి వచ్చిన పట్టికలను అలాగే కలిపితే రెండు కాలాల వరి ఆరు కాలాల వరిగా మారుతుంది. సభ్యానికి ఒకే అధికారిక పేరు ఉంచి, మిగిలినవాటిని పర్యాయాల జాబితాలో నమోదు చేయాలి.

రెండవది, కాలంతో మారే సభ్యాలు. తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న 10 జిల్లాలతో ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. 2015-16లో నల్గొండ అన్న పేరుతో ఉన్న విస్తీర్ణమూ, 2017-18లో అదే పేరుతో ఉన్న విస్తీర్ణమూ ఒకే భూభాగానికి చెందినవి కావు. ఆ మధ్యలో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు వేరుపడ్డాయి. పేరు మారలేదు కనుక కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. వరి విస్తీర్ణం హఠాత్తుగా పడిపోయినట్లు రేఖాపటం చూపుతుంది, దానికి కారణాలు వెదకడం మొదలవుతుంది. దీనికి పరిష్కారం, విలువలను మండల లేదా గ్రామ స్థాయిలో ఉంచి, ఏ మండలం ఏ సంవత్సరంలో ఏ జిల్లాకు చెందినదో తెలిపే అనుబంధ పట్టికను ప్రత్యేకంగా ప్రకటించడం. అనగా జిల్లా అన్నది మండలానికి మాత్రమే కాక సంవత్సరానికి కూడా లోబడినది: జిల్లా[మండలం, సంవత్సరం]. మండలాలు కూడా విభజనకు గురైన చోట గ్రామమే నమ్మదగిన కనిష్ఠ అంచె.

మూడవది, ఖాళీ గడులు. 33 జిల్లాలు, 30 పంటలు, 3 కాలాలు, 10 సంవత్సరాలు ప్రకటిస్తే 29,700 గడులు ఏర్పడతాయి. వీటిలో అనేకం వ్యవసాయపరంగా అసలు సంభవించని జోడింపులు. పంట, కాలం మితులను విడివిడిగా కాక, వాస్తవంగా సాగయ్యే పంట–కాలం జంటలను ఒక సంయుక్త మితిగా ప్రకటిస్తే నమూనా చిన్నదవుతుంది, తప్పు నమోదుకు అవకాశం తగ్గుతుంది. అలాగే, పంట వేయలేదు కనుక సున్నా, నివేదిక రాలేదు కనుక తెలియదు, వరదలో మడి కొట్టుకుపోయింది కనుక లోపించింది అన్న మూడు స్థితులకు మూడు వేర్వేరు గుర్తులు ఉండాలి. నివేదిక రాని గడిలో సున్నా ఉంచడం కొలవని దానిని కొలిచినట్లు చెప్పడమే.

నాలుగవది, ప్రమాణాలు, రూపం. ప్రతి కొలతకు మితులతో పాటు ప్రమాణాన్నీ ప్రకటించాలి. పత్తి ఉత్పత్తిని 170 కిలోల బేళ్లలో, జనుమును 180 కిలోల బేళ్లలో ఇస్తారు. జాతీయ గణాంకాలలో వరి ఉత్పత్తిని వడ్ల రూపంలో కాక బియ్యం రూపంలో చూపుతారు. రైతు ఎకరాకు ఇన్ని బస్తాలు అంటాడు. బస్తా బరువు ప్రాంతాన్ని బట్టి మారుతుంది. 75 కిలోల బస్తాగా తీసుకుంటే ఎకరాకు 30 బస్తాలు అంటే 2,250 కిలోల వడ్లు. హెక్టారుకు 2.471 ఎకరాలు కనుక అది సుమారు 5,560 కిలోలు. ఈ అంకెను బియ్యం దిగుబడితో నేరుగా పోల్చడం తగదు.

సమీకరణంలో మితుల సరిచూత

మితులు ప్రకటించిన తరువాత ప్రతి కొలతనూ దాని మితులతో కలిపి రాయాలి. ఆపై సమీకరణం సరైనదో కాదో రెండు నియమాలతో పరిశీలించవచ్చు.

1. కుడి వైపు ఉండి ఎడమ వైపు లేని మితి తప్పనిసరిగా మొత్తం, సగటు, గరిష్ఠం వంటి ఏదో ఒక సంకలన ప్రక్రియలో ముగిసిపోవాలి.
2. ఎడమ వైపు ఉండి కుడి వైపున ఒక కొలతకు లేని మితి విషయంలో, ఆ కొలత ఆ మితి అంతటా ఒకే విలువతో పునరావృతమవుతున్నదని అర్థం. అది ఉద్దేశపూర్వకమో కాదో నిర్ధారించుకోవాలి.

ఎరువుల నుంచి పోషకాల గణన దీనికి సులభమైన ఉదాహరణ.

పోషక మోతాదు(మడి, పోషకం) = మొత్తం[ఎరువు] { ఎరువు మోతాదు(మడి, ఎరువు) × పోషక శాతం(ఎరువు, పోషకం) ÷ 100 }

కుడి వైపు ఎరువు అన్న మితి ఉన్నది, ఎడమ వైపు లేదు. అది మొత్తంలో ముగిసింది. కనుక మొదటి నియమం నెరవేరింది. పోషక శాతానికి మడి మితి లేదు. అన్ని మడులలోనూ యూరియా ఒకే యూరియా కనుక రెండవ నియమమూ సమంజసమే. యూరియాలో నత్రజని 46 శాతం. డీఏపీలో నత్రజని 18, భాస్వరం 46 శాతం. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60 శాతం. ఒక మడికి హెక్టారు లెక్కన 200 కిలోల యూరియా, 125 కిలోల డీఏపీ, 60 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వేస్తే, పై ఒక్క సమీకరణమే నత్రజని 114.5, భాస్వరం 57.5, పొటాష్ 36 కిలోలు అని మూడు సమాధానాలు ఇస్తుంది. విడివిడిగా మూడు సూత్రాలు రాసే అలవాటులో డీఏపీలోని 22.5 కిలోల నత్రజనిని మరచిపోవడం సాధారణం. పోషకాన్ని మితిగా ప్రకటించినప్పుడు ఆ మరపుకు తావు ఉండదు.

నిష్పత్తుల సంకలనం

దిగుబడి స్వయంగా కొలిచిన రాశి కాదు, రెండు కొలతల నిష్పత్తి.

దిగుబడి(మండలం, పంట, కాలం, సంవత్సరం) = ఉత్పత్తి(మండలం, పంట, కాలం, సంవత్సరం) ÷ విస్తీర్ణం(మండలం, పంట, కాలం, సంవత్సరం)

ఉత్పత్తిని, విస్తీర్ణాన్ని మండలం మీదుగా కూడవచ్చు. దిగుబడిని కూడరాదు, సాధారణ సగటు కూడా తీయరాదు. పై అంచెలో దిగుబడి కావాలంటే ముందు లవాన్నీ హారాన్నీ విడిగా సంకలనం చేసి, ఆ తరువాతే భాగించాలి.

ఒక మండలంలో 9,000 హెక్టార్లలో హెక్టారుకు 3,000 కిలోలు, మరొక మండలంలో 1,000 హెక్టార్లలో 5,000 కిలోల వరి దిగుబడి వచ్చిందనుకుందాం. రెండు దిగుబడుల సాధారణ సగటు 4,000 కిలోలు. వాస్తవ ఉత్పత్తి 27,000 టన్నులు, 5,000 టన్నులు, వెరసి 32,000 టన్నులు; 10,000 హెక్టార్లకు భాగిస్తే 3,200 కిలోలు. తేడా హెక్టారుకు 800 కిలోలు, మొత్తం మీద 8,000 టన్నులు. గిడ్డంగులు, గోనె సంచులు, సేకరణ కేంద్రాల ప్రణాళిక లేని ధాన్యం మీద ఆధారపడుతుంది. పంటల బీమాలో ప్రాంత సగటు దిగుబడి ఆధారంగా పరిహారం నిర్ణయించే చోట ఇదే పొరపాటు నష్టపోయిన రైతును అర్హత లేనివానిగా చూపగలదు.

ఇంకొక సూక్ష్మమైన సందర్భాన్ని పట్టికలో చూడవచ్చు.

మొదటి సంవత్సరం: ఖరీఫ్ 4,000 హెక్టార్లు, దిగుబడి 3,000 కిలోలు; రబీ 6,000 హెక్టార్లు, దిగుబడి 4,000 కిలోలు; ఉత్పత్తి 36,000 టన్నులు; వార్షిక దిగుబడి 3,600 కిలోలు.
రెండవ సంవత్సరం: ఖరీఫ్ 7,000 హెక్టార్లు, దిగుబడి 3,100 కిలోలు, రబీ 3,000 హెక్టార్లు, దిగుబడి 4,100 కిలోలు, ఉత్పత్తి 34,000 టన్నులు, వార్షిక దిగుబడి 3,400 కిలోలు.

రెండు కాలాలలోనూ దిగుబడి 100 కిలోలు పెరిగింది. అయినా వార్షిక దిగుబడి 200 కిలోలు తగ్గింది. ఇక్కడ గణన తప్పు ఏదీ లేదు. రబీకి కాలువ నీరు తగ్గి అధిక దిగుబడినిచ్చే కాలంలోని విస్తీర్ణం సగమైంది. కాలం అన్న మితిని తొలగించి వార్షిక అంకె మాత్రమే చూసినవారు సాగు పద్ధతులు క్షీణించాయని భావిస్తారు. కాలాన్ని నిలిపి చూసినవారు పద్ధతులు మెరుగయ్యాయని, కొరత నీటిలో ఉన్నదని గ్రహిస్తారు. విస్తరణ శాస్త్రవేత్త రైతులకు ఇచ్చే సలహా ఈ రెండింటిలో ఏది చూశాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఏ కొలతను ఏ మితి మీదుగా కూడవచ్చునో నమూనాలోనే ప్రకటించడం మంచిది. వర్షపాతాన్ని దినాల మీదుగా కూడవచ్చు, కేంద్రాల మీదుగా కూడరాదు. సగటు మాత్రమే తీయాలి. నేలతేమను దినాల మీదుగా కూడడం అర్థరహితం. స్థూల సాగు విస్తీర్ణాన్ని కాలాల మీదుగా కూడవచ్చు. నికర సాగు విస్తీర్ణాన్ని అలా కూడితే రెండు పంటలు పండిన భూమి రెండుసార్లు లెక్కకు వస్తుంది.

క్షేత్ర ప్రయోగాలలో అంతర్గత మితులు

క్షేత్ర ప్రయోగాలలో అన్ని మితులూ ఒకదానితో ఒకటి స్వేచ్ఛగా కలిసేవి కావు. 3 నీటి యాజమాన్య పద్ధతులు ప్రధాన మడులలో, 4 నత్రజని స్థాయిలు ఉపమడులలో, 3 పునరావృతాలతో స్ప్లిట్ ప్లాట్ ప్రయోగం నిర్వహిస్తే 36 ఉపమడులు ఉంటాయి. దాని సమీకరణం ఇది.

దిగుబడి(పునరావృతం, నీరు, నత్రజని) = సాధారణ సగటు + పునరావృత ప్రభావం(పునరావృతం) + నీటి ప్రభావం(నీరు) + ప్రధాన మడి దోషం(పునరావృతం, నీరు) + నత్రజని ప్రభావం(నత్రజని) + ఉమ్మడి ప్రభావం(నీరు, నత్రజని) + ఉపమడి దోషం(పునరావృతం, నీరు, నత్రజని)

ఈ సమీకరణంలో రెండు దోష పదాలు ఉన్నాయి. వాటిని వేరు చేసేది వాటి మితులే. ప్రధాన మడి దోషానికి నత్రజని మితి లేదు. అంటే నీటి పద్ధతిని వాస్తవంగా అమలు చేసిన మడులు 36 కావు, 9 మాత్రమే. నీటి ప్రభావాన్ని ఈ దోషంతోనే పోల్చాలి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ విభజన కూడా మితుల నుంచే లభిస్తుంది: పునరావృతానికి 2, నీటికి 2, ప్రధాన మడి దోషానికి 4, నత్రజనికి 3, ఉమ్మడి ప్రభావానికి 6, ఉపమడి దోషానికి 18, వెరసి 35.

మొదటి దోష పదాన్ని విడిచిపెట్టి సాధారణ కారక ప్రయోగంగా విశ్లేషిస్తే దోషానికి 22 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వస్తాయి. 5 శాతం స్థాయిలో 2, 4 లకు ఎఫ్ పట్టిక విలువ 6.94, 2, 22 లకు 3.44. దాటవలసిన హద్దు సగానికి తగ్గిపోతుంది. పైగా సాధారణంగా ప్రధాన మడుల మధ్య వైవిధ్యమే ఎక్కువ కనుక, ఉపమడుల వైవిధ్యంతో కలిపినప్పుడు హారం చిన్నదై నిష్పత్తి పెద్దదవుతుంది. ఫలితంగా లేని ప్రభావం ఉన్నట్లు తేలవచ్చు. అది సిఫారసుగా మారి రైతు చేనుకు చేరినప్పుడు దాని మూల్యం రైతే చెల్లించవలసి వస్తుంది.

ఇదే ప్రయోగాన్ని 2 స్థానాలలో 2 సంవత్సరాలు నిర్వహిస్తే 144 విలువలు లభిస్తాయి. పునరావృతాలకు అన్ని చోట్లా 1, 2, 3 అని అంకెలు వేయడం వాడుక. కానీ ఒక స్థానంలోని 1వ పునరావృతానికీ మరొక స్థానంలోని 1వ పునరావృతానికీ అంకె తప్ప వేరే పోలిక లేదు. అది స్థానానికి, సంవత్సరానికి లోబడిన అంతర్గత మితి. దానిని పునరావృతం[స్థానం, సంవత్సరం] అని ప్రకటించాలి. అప్పుడు పునరావృతాల డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ నాలుగు స్థాన–సంవత్సరాలలో ఒక్కొక్కదానికి 2 చొప్పున 8 అవుతుంది. స్వతంత్ర మితిగా ప్రకటిస్తే కేవలం 2 వస్తుంది. విశ్లేషణ పట్టికలో ఈ ఒక్క అంకెను చూసి ప్రకటన సరైనదో కాదో విద్యార్థి గుర్తించగలడు.

కాలక్రమ సమీకరణాలు

కొన్ని సమీకరణాలలో ఒక గడి విలువ అదే కొలతకు చెందిన ముందటి గడిపై ఆధారపడుతుంది. నీటితడుల నిర్ణయానికి వాడే నేలతేమ సమీకరణం ఇటువంటిది.

నేలతేమ(క్షేత్రం, దినం) = నేలతేమ(క్షేత్రం, దినం − 1) + వర్షం(కేంద్రం[క్షేత్రం], దినం) + నీటితడి(క్షేత్రం, దినం) − బాష్పీభవన బాష్పోత్సేకాలు(క్షేత్రం, దినం) − ఉపరితల ప్రవాహం(క్షేత్రం, దినం) − లోతుకు ఇంకిన నీరు(క్షేత్రం, దినం)

ఇందులో మూడు అంశాలు గమనింపదగినవి. దినం అన్న మితికి క్రమం ప్రకటించకపోతే "దినం − 1" అన్న మాటకు అర్థం లేదు. పేర్లను అక్షరక్రమంలో అమర్చే సాఫ్ట్‌వేర్‌లో ఏప్రిల్ తరువాత ఆగస్టు రావచ్చు. మొదటి దినానికి ముందటి దినం లేదు కనుక విత్తిన నాటి నేలతేమను ప్రత్యేకంగా కొలిచి ఇవ్వాలి. వర్షపాతాన్ని ప్రతి క్షేత్రంలో కొలవరు. అది కేంద్రం మితికి చెందినది. ఏ క్షేత్రానికి ఏ కేంద్రం వర్తిస్తుందో తెలిపే అనుబంధాన్ని సమీకరణంలోనే చూపాలి. పదాలన్నీ మిల్లీమీటర్లలో ఉండాలి. ఒక హెక్టారుపై 1 మిల్లీమీటరు నీరు అంటే 10 ఘనపు మీటర్లు. పంపు సామర్థ్యాన్ని లీటర్లలో నమోదు చేసిన చోట ఈ మార్పిడి తప్పనిసరి.

కాలం మితిలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రబీ వరికి "ముందటి కాలం" అంటే అదే వ్యవసాయ సంవత్సరపు ఖరీఫా, లేక గత సంవత్సరపు రబీయా అన్నది ప్రశ్నను బట్టి మారుతుంది. నేలలో మిగిలిన పోషకాల గణనకు మొదటిది, దిగుబడి వృద్ధి గణనకు రెండవది సరైనది. నవంబరులో విత్తి మార్చిలో కోసిన పంట రెండు క్యాలెండర్ సంవత్సరాలలో విస్తరించినా ఒకే వ్యవసాయ సంవత్సరానికి చెందుతుంది.

అనుసరించవలసిన క్రమం

1. ప్రయోగానికి లేదా సర్వేకు ముందే మితుల జాబితా, సభ్యాల పేర్లు, పర్యాయాలు రాసుకోవాలి.
2. ఏ మితి స్వతంత్రమో, ఏది మరొకదానికి లోబడినదో నిర్ణయించాలి.
3. ప్రతి కొలతకు మితులు, ప్రమాణం, రూపం, సంకలన విధానం పేర్కొనాలి.
4. కొలిచిన రాశులను మాత్రమే నిల్వ చేసి, నిష్పత్తులను సమీకరణాల ద్వారా రాబట్టాలి.
5. ప్రతి సమీకరణానికి రెండు నియమాల సరిచూత జరపాలి.
6. చేతితో లెక్కించగల రెండు మూడు గడులపై ఫలితాన్ని పరీక్షించిన తరువాతే మొత్తం దత్తాంశంపై అమలు చేయాలి.

ముగింపు

సాఫ్ట్‌వేర్ ఏదైనప్పటికీ, మితుల ప్రకటన పరిశోధకుని బాధ్యతే. ఎన్ని మడులలో పద్ధతిని అమలు చేశారో, ఏ జిల్లా ఏ సంవత్సరంలో ఏ హద్దులతో ఉన్నదో, ఏ గడి నిజంగా సున్నాయో యంత్రానికి తెలియదు. క్షేత్రంలో నిలిచి చూసినవారికే అది తెలుసు. ఆ జ్ఞానాన్ని సమీకరణంలోకి చేర్చే మార్గమే మితుల ప్రకటన. సిద్ధాంత వ్యాసాలలోనూ, పరిశోధన నివేదికలలోనూ ఫలితాల పట్టికకు ముందు మితుల ప్రకటనను, పూర్తి సమీకరణాన్ని చేర్చడం ఆనవాయితీ అయితే, పరీక్షకుడు ఫలితాన్ని సరిచూడగలడు, తరువాతి విద్యార్థి అదే దత్తాంశాన్ని తిరిగి వాడుకోగలడు, రైతుకు చేరే సిఫారసు గట్టి పునాదిపై నిలుస్తుంది.